ఆమె అన్నది ‘యాడ’ కాదు

దయ్యాలను నేను నమ్మను. ఇప్పుడు కూడా నమ్మను. పొద్దుగూకాక వాగు వైపు పోవద్దని మా తండాలో పెద్దవాళ్ళు భయపెడుతుంటే, ఆ వైపే పోయి రేగుపళ్ళు ఏరుకొచ్చిన దాన్ని. పెద్దయ్యాక కొన్నేళ్ళు అంబులెన్స్ కాల్ సెంటర్లో ఫోన్లు ఎత్తాను. ప్రాణం పోయేటప్పుడు మనిషి దగ్గర ఎలాంటి శబ్దాలు వినిపిస్తాయో నాకు బాగా తెలుసు. పోయాక ఏ శబ్దమూ రాదు. అది కూడా నాకు బాగా తెలుసు.

అందుకే దీన్ని దయ్యం కథ అని నేను అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను. మీకేమైనా అర్థమైతే సరే.

మాది జఫర్‌గఢ్ దగ్గర ఒక లంబాడా తండా. ఇంట్లో మా భాష, బడిలో తెలుగు. డిగ్రీ అయ్యాక ఈ ఉద్యోగం దొరికితే జనగామలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రోజూ రైల్లో సిటీకి పోయి రావడం. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులవి. ఏ పూట రైలు నడుస్తుందో, ఏ స్టేషన్లో జనం పట్టాల మీద కూర్చుంటారో తెలిసేది కాదు. రైలు లేని రోజు ముందుగానే పోయి ఆఫీసు వాళ్ళ హాస్టల్లో పడుకునేదాన్ని.

శిక్షణలో మాకు నేర్పిన మేడం కోస్తా వైపు ఆవిడ. మంచి మనిషే. మొదటి రోజే నన్ను నిలబెట్టి మాట్లాడించింది. ఫోన్ చేసినవాళ్ళను నేను “మీరు యాడున్నరు?” అని అడిగాను. మా వైపు ‘ఎక్కడ’ను ‘యాడ’ అంటాం.

“యాడ కాదమ్మా, ఎక్కడ. ఎక్కడ ఉన్నారండీ. ఏదీ, అను,” అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నా నాలుక మీద నుంచి పోవడానికి చాలా రోజులు పట్టింది. బయట మా యాస మా ఆత్మగౌరవం అని ఊరేగింపులు తీస్తున్నారు. లోపల నేను ఏసీలో కూర్చొని ఆ యాసనే కడుక్కుంటున్నాను.

ఇంకో నియమం కూడా ఉండేది. ‘అయ్యో’ అనకూడదు. “మీ నోట్లోంచి అయ్యో అని వచ్చిందంటే అవతలి మనిషి సగం చచ్చిపోతాడమ్మా. ఇంక అడ్రస్సేం చెప్తాడు?” అనేది మేడం. ఆమె చెప్పింది నిజమే. కొన్నాళ్ళకు నాకే అనుభవమైంది.

మొదట్లో ఏడ్చేదాన్ని. తిరుగు రైల్లో కిటికీ వైపు ముఖం పెట్టి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చేదాన్ని. బావిలో పడ్డ పిల్లలు, పురుగుల మందు తాగిన రైతులు, ఒంటికి నిప్పు పెట్టుకున్న పిల్లగాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు. ఒక ఫోన్ పెట్టేసిన క్షణంలో ఇంకోటి చెవిలో మోగేది. ఎవరు బతికారో ఎవరు పోయారో మాకు చాలావరకు తెలిసేది కాదు. కథ సగంలో ఉండగానే ఇంకో కథ మొదలవుతుంది.

తర్వాత ఏడుపు రావడం మానేసింది. ఎప్పుడు మానేసిందో గమనించలేదు. గమనించిన రోజు సంతోషపడ్డాను. పని వచ్చేసింది అనుకున్నాను.

కానీ ఏడుపు ఒక్కటే పోలేదు. అన్నంలో ఉప్పు తక్కువైనా ఎక్కువైనా తేడా తెలిసేది కాదు. రైల్లో ఎవరో డప్పు కొట్టి పాట అందుకుంటే పెట్టెలో జనమంతా గొంతు కలిపేవాళ్ళు, ముసలివాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నేను మాత్రం జనగామ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చునేదాన్ని. ఇంటి నుంచి ఫోన్ వస్తే “చెప్పండి” అనేదాన్ని. అమ్మ ఒకసారి “ఎవరితోని మాట్లాడుతున్నవే, సర్కారు ఆఫీసుకు ఫోన్ చేసినట్టున్నది,” అని విసుక్కుంది.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి. నాకంటే చాలా పెద్దది. నన్ను చంకన వేసుకొని పెంచింది అమ్మ కంటే ఆమే. బావ బొగ్గు గనిలో పని చేసేవాడు. భూపాలపల్లిలో కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళు. ఆ ఏడాది ఒకరోజు బావ డ్యూటీ నుంచి వచ్చి, చాయ్ తాగుతూ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. దవాఖానకు తీసుకుపోయినా ఫలితం లేకపోయింది.

మా లంబాడాల్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే, చుట్టాలైన ఆడవాళ్ళు వచ్చి ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తారు. ఉత్త ఏడుపు కాదు. రాగం ఉంటుంది, రాగంలో మాటలు ఉంటాయి. పోయినవాళ్ళు ఏం చేశారో, తనకు ఏమయ్యేవాళ్ళో అన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. దాన్ని ఢావ్లో అంటాం. ఒకరు ఏడిస్తే రెండోవాళ్ళు దానికి ఏడుపుతోనే జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే నీకూ నాకూ ఏమీ లేదు అన్నట్టే. మా నానమ్మ ఢావ్లో ఎత్తుకుందంటే చుట్టుపక్కల తండాల వాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు. నేను బడిలో ఉన్నప్పుడే ఆమె పోయింది. నాకు ఢావ్లో రాదు. సిటీలో ఫోన్లు ఎత్తే అమ్మాయికి అది దేనికి అనుకున్నాను.

భూపాలపల్లికి నేను పోయేసరికి అక్క వాకిట్లో కూర్చొని ఉంది. నన్ను చూడగానే లేచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి ఢావ్లో ఎత్తుకుంది. “యాడీ...” అని. మా భాషలో యాడి అంటే అమ్మ. ఏడ్చేటప్పుడు అక్కనైనా చెల్లెనైనా యాడీ అనే పిలుస్తాం.

నేను జవాబు ఇవ్వలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేసి తట్టాను. తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “శ్వాస ఆగిపోయి ఎంతసేపైందండీ అప్పటికి?”

అక్క చేతులు వదిలేసింది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళందరూ నన్నే చూశారు. అక్క వెనక్కి జరిగి, మా భాషలో ఒకే ఒక మాట అంది. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: “నాకు చెల్లె లేదు. పొమ్మను.”

పోయాను. సిగ్గు కూడా అనిపించలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందని మాత్రం గుర్తుంది. అక్క ఫోన్ ఎత్తడం మానేసింది. అమ్మ చెప్పినా వినలేదు. అక్క లేకపోతే నాకు ఈ లోకంలో ఎవరున్నారని బుర్రతో ఆలోచించేదాన్ని. బుర్రకు తెలిసింది గుండెకు చేరేది కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వచ్చింది ఆ ఫోన్.

పెద్ద బంద్ జరుగుతున్న రోజు. మిట్ట మధ్యాహ్నం. ఎవరో ఆడమనిషి. “మా ఆయిన పడిపోయిండు. మాట్లాడుతలేడు. మానుకోట కాడ, గూడూరు దాటినంక తండా.” మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. ఆమె తెలుగు వింటేనే నాకు తెలిసిపోయింది లంబాడా మనిషి అని. అయినా మా భాషలో మాట్లాడవచ్చు అనే ఆలోచన నాకు రాలేదు. రానే లేదు. ఆఫీసు తెలుగులోనే అడిగాను, ఆఫీసు తెలుగులోనే చెప్పాను. ఫోన్ స్పీకర్ మీద వేసి, రెండు చేతులు ఆయన రొమ్ము మధ్యలో పెట్టి గట్టిగా నొక్కమన్నాను. నేను లెక్కపెడుతుంటే ఆమె నొక్కింది.

బండి మహబూబాబాద్ నుంచి బయల్దేరింది. ఉద్యమం వాళ్ళు అంబులెన్సును ఎప్పుడూ ఆపలేదు. ఆ రోజు కూడా వాళ్ళే చెట్లు పక్కకు లాగి దారి ఇచ్చారు. కానీ కొట్టి పడేసిన చెట్లు లాగడానికి టైం పడుతుంది కదా.

కొంతసేపటికి ఆమె నొక్కడం ఆపేసింది. ఏమైందండీ అని అడిగాను. తర్వాత “యాడ... యాడ...” అంది. బండి ఎక్కడ దాకా వచ్చిందని అడుగుతోంది అనుకున్నాను.

“గూడూరు దాటిందండీ,” అన్నాను.

మళ్ళీ “యాడ” అంది.

“వచ్చేస్తోందండీ. మీ తండా మలుపు దగ్గర ఉంది.”

ఆ తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు. లైన్ మాత్రం కట్ కాలేదు. అవతలివాళ్ళు పెట్టేసేదాకా మేం పెట్టకూడదు. మధ్యమధ్యలో “నేను లైన్లోనే ఉన్నానండీ” అంటూ కూర్చున్నాను. చెవిలో నిశ్శబ్దం. ఎక్కడో కోడి అరిచింది. నాకు గుర్తున్నది అంతే. బండి వాళ్ళ గొంతులు వినిపించాక లైన్ కట్ అయింది.

కాసేపటికి అంబులెన్స్ డ్రైవర్ ఫోన్ చేశాడు. “మేం పోయేసరికే అయిపోయింది మేడం.” నేను రాసుకుంటుంటే మళ్ళీ అడిగాడు, “ఆమె మీకేమన్న చుట్టమా?”

“కాదు. ఎందుకు?”

“ఏం లేదు. ఫోన్ల నుంచి గూడ ఏడుపు వినొస్తుండె. ఇద్దరు ఆడోళ్ళు ఒకలకొకలు చెప్పుకుంట ఏడ్సినట్టు.”

స్పీకర్లో ఆమె గొంతే తిరిగి వినిపించి ఉంటుంది అన్నాను. వెంటనే ఇంకో ఫోన్ వచ్చింది. బైకు ప్రమాదం. ఎత్తాను.

మా ఆఫీసులో రామకృష్ణ గారని ఒకాయన ఉండేవారు. కాకినాడ వైపు ఆయన. రికార్డయిన ఫోన్లలో కొన్ని తీసి వినడం, మేం సరిగ్గా మాట్లాడామో లేదో చూడడం ఆయన పని. కొద్దిరోజులకు నన్ను పిలిచారు. ముఖంలో కోపం లేదు గానీ ఏదో ఇబ్బంది ఉంది.

“ఈ కాల్లో మీ పక్కన ఎవరండీ ఏడుస్తున్నారు?”

ఎవరూ ఏడవలేదు అన్నాను. ఆయన హెడ్‌సెట్ నా చేతికిచ్చారు. మా రికార్డింగులో గొంతులు విడివిడిగా వినిపిస్తాయి. కుడి చెవిలో ఫోన్ చేసినవాళ్ళు, ఎడమ చెవిలో మేం.

పెట్టారు. మొదట అంతా నాకు గుర్తున్నట్టే ఉంది. తర్వాత కుడి చెవిలో ఆమె అంది. ఈసారి నాకు స్పష్టంగా వినిపించింది. ఆమె అన్నది ‘యాడ’ కాదు. ‘యాడీ’. బండి ఎక్కడుందని ఆమె అడగలేదు. అమ్మా అని ఏడ్చింది. ఆ భాషలో పుట్టిన నేను దాన్ని తెలుగు ప్రశ్న అనుకొని, గూడూరు దాటిందండీ అని జవాబు చెప్పాను.

అక్కడి నుంచి నిశ్శబ్దం ఉండాలి. లేదు. ఆమె ఢావ్లో ఎత్తుకుంది. ఆమె ఆగిన చోట, ఎడమ చెవిలో, అంటే నా వైపు నుంచి, ఇంకో ఆడగొంతు అందుకుంది. ఆమె ఏడవడం, ఈమె జవాబు ఇవ్వడం. మధ్యలో నా ఆఫీసు గొంతు “నేను లైన్లోనే ఉన్నానండీ” అంటూనే ఉంది. ఆ మాట, ఆ ఏడుపు ఒకదాని మీద ఒకటి వినిపిస్తున్నాయి. ఒక నోట్లోంచి రెండూ ఒకేసారి రావు.

రాగం తీసేటప్పుడు చివర్లో ముక్కుతో చిన్నగా ఊపిరి లాగే పద్ధతి ఒకటుంది. అట్లా లాగేది మా నానమ్మ ఒక్కతే. ఆ గొంతు అట్లాగే లాగింది.

కానీ ఆ గొంతు ఏడుస్తున్నది మా బావ కోసం. నానమ్మ బావను ఎన్నడూ చూడలేదు. అక్క పెళ్ళికి ముందే పోయింది. బడి రోజుల్లో ఒకసారి నేను హాస్టల్ నుంచి పారిపోయి జనగామ బస్టాండులో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఏదో పని మీద వచ్చిన బావ నన్ను చూసి, మిర్చిబజ్జీలు తినిపించి, కళ్ళు తుడిచి మళ్ళీ హాస్టల్లో దింపాడు. ఇంట్లో చెప్పొద్దని బతిమాలితే చెప్పలేదు. చచ్చేదాకా చెప్పలేదు. ఆ సంగతి నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎడమ చెవిలో ఆ గొంతు అదే చెప్పుకొని ఏడుస్తోంది.

నేను హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను.

“ఏ భాషండీ అది? ఏమంటున్నారు?” అని అడిగారు రామకృష్ణ గారు.

“ఎవరో పోతే ఏడుస్తున్నారు సార్.”

“అది తెలుస్తోందండీ,” అన్నారాయన. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాని మనిషికి కళ్ళు ఎర్రబడ్డాయి. నావి పొడిగానే ఉన్నాయి.

ఆ రోజు నా పక్క సీట్లో ఉన్న శోభను పిలిచి అడిగారు. “ఈమె నోరు మూసుకొనే కూసున్నది సార్. నేను చూసిన. బొమ్మ లెక్క కూసున్నది,” అని చెప్పింది. రామకృష్ణ గారు ఏవో రెండు లైన్లు కలిసిపోయాయని రాసి పైకి పంపారు. అలా కలవడం అప్పుడప్పుడు జరుగుతుందట. జరుగుతుంది, కాదనను. కానీ కలిసిన ఆ రెండో లైన్లో ఉన్నదెవరు? మా బావ బజ్జీల సంగతి ఆమెకు ఎవరు చెప్పారు?

సెలవు పెట్టి భూపాలపల్లి పోయాను. అక్క రానిస్తుందని కాదు. ఇంకెవరికి చెప్పాలో తెలియక. బస్సులు నడవడం లేదు. హన్మకొండ దాకా ఒక జీపు, పరకాల దాకా ఇంకోటి, అక్కడి నుంచి కూరగాయల ఆటో. గని వాళ్ళు సమ్మెలో ఉన్నారు. క్వార్టర్ల ముందు మగవాళ్ళు పగటిపూటే మంచాలు వేసుకొని కూర్చొని ఉన్నారు. అంతమంది మగవాళ్ళు ఇళ్ళ దగ్గర ఉంటే, అక్క ఇంటి ముందు మంచం ఖాళీగా ఉంది.

తలుపు తీసి అక్క నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. నీళ్ళిచ్చింది. మా భాషలోనే మాట్లాడింది. ఆమె మాటలను తెలుగులోకి తెస్తే ఇట్లా ఉంటాయి.

“గంత దుఃఖం లోపట పెట్టుకొని ఆనాడు నా ముందట గట్లెట్ల నిలబడ్డవే?”

నాకు అర్థం కాలేదు.

“ఫోన్ చేసి ఏడ్సినవ్ గద. గా బంద్ రోజు. మావోళ్ళు రోడ్డు మీద వంట చేసిన్రు సూడు, గా మధ్యాన్నం. నేను యాడీ అన్ననో లేదో నువ్వు ఎత్తుకున్నవ్. మన నానమ్మ లెక్కనే ఏడ్సినవ్. ఎప్పుడు నేర్సినవే?”

నేను నీళ్ళ గ్లాసు పట్టుకొని కూర్చున్నాను. డ్యూటీలో మా సొంత ఫోన్లు బయట లాకర్లో పెట్టాలి. ఆఫీసు లైను నుంచి ఇంటివాళ్ళకు చేయడం కుదరదు. తర్వాత నా ఫోన్ తీసి చూసుకున్నాను కూడా. ఆ రోజు అక్కకు నేను ఏ ఫోనూ చేయలేదు. అక్క ఫోన్‌కు గాజు పగిలి నంబర్లు కనిపించవు, ఎవరు చేశారో చూసే వీలు లేదు.

“పొరపాటు పడ్డావేమో,” అన్నాను.

“ఏం పొరపాటే? బస్టాండ్ల బజ్జీలు తినిపిచ్చి మళ్ళ హాస్టల్ల దింపిండట గద మీ బావ. నాకెన్నడు చెప్పలే ఆ మనిషి. నువ్వు ఏడుసుకుంట చెప్తెనే గద తెల్సింది.” చెబుతుంటేనే నవ్వు వచ్చింది ఆమెకు. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. లేచి నా మెడ చుట్టూ చేతులు వేసింది.

“యాడీ,” అంది.

ఈసారి సరిగ్గానే వినిపించింది. జవాబు ఇవ్వాలని తెలుసు. ఇవ్వాలని ఉంది కూడా. చాలా కాలం తర్వాత నాకు ఏదైనా కావాలనిపించడం అదే మొదటిసారి. కానీ ఢావ్లో రాలేదు. కళ్ళల్లో నీళ్ళు కూడా రాలేదు. ఒకే ఒక మాట బయటికి వచ్చింది. అదీ మా భాష కాదు.

“అయ్యో,” అన్నాను.

అక్క ఒక్క క్షణం ఏడుపు ఆపి నా ముఖం చూసింది. తర్వాత నా తలను తన భుజానికి అదుముకొని మళ్ళీ ఎత్తుకుంది. నేను మళ్ళీ అన్నాను. ఆమె ఆగిన ప్రతి చోటా అదే అన్నాను. ఆమెకు అదే చాలినట్టుంది.

తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. రాష్ట్రం వచ్చింది. కొంతకాలమయ్యాక పాత రికార్డింగులు తీసేస్తారు, అదీ పోయి ఉంటుంది. ఆ తండా ఆమె ఎలా ఉందో, ఆ రోజు ఫోన్లో తనతో కలిసి ఏడ్చింది ఎవరనుకుందో నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఒక కొస దొరికితే ఇంకో కొస జారిపోతుంది.

ఇప్పటికీ మా తండాలో ఎవరైనా పోతే అక్క నాకు ఫోన్ చేసి, రావే, నువ్వు ఎత్తుకోవాలె అంటుంది. గొంతు బాగాలేదని ఏదో ఒకటి చెప్తాను. ఆ రోజు ఫోన్ చేసింది నేను కాదని మాత్రం ఆమెకు చెప్పలేదు.